నీరు ఎక్కని గుట్ట

ఇందులోని ప్రతి మాటా నిజం. ఒట్టు వేయమంటే వేస్తాను. నా పైపు రెంచి మీద, అరిగిపోయిన నా మోకాళ్ళ మీద, మా అమ్మ చదివి చదివి అట్ట ఊడగొట్టిన బైబిలు మీద చెయ్యి పెట్టి చెబుతున్నాను. నన్ను ఎరిగినవాళ్ళు ఇక్కడే నవ్వడం మొదలెడతారని తెలుసు. లంబసింగిలో ఒక చలికాలం కుళాయి తిప్పితే నీళ్ళు కర్రలా గడ్డకట్టి దిగాయనీ, ఆ కర్రకే చొక్కా ఆరేసుకున్నాననీ చెప్పింది నేనే. రాజవొమ్మంగి దగ్గర బోరింగు కొడితే నీళ్ళకంటే ముందు చేప వచ్చిందని చెప్పిందీ నేనే. అవి వేరు. ఇది వేరు.

1998వ సంవత్సరం, ఎండలు ముదురుతున్న రోజులు. నేను అరకులో అద్దె గదిలో ఉంటూ, కొండ గ్రామాలకు మంచినీళ్ళ గ్రావిటీ స్కీములు వేసే ఒక సంస్థలో ఫిట్టరుగా పనిచేసేవాణ్ణి. గ్రావిటీ స్కీము అంటే కరెంటూ మోటారూ లేకుండా, కొండ మీది ఊట నీటిని పైపులో దింపి ఊళ్ళో ట్యాంకుకు చేర్చడం. ఊట దగ్గర కట్టే చిన్న సిమెంటు తొట్టిని ఇన్‌టేక్ అంటాం. ఆ తొట్టికీ ఊళ్ళో ట్యాంకుకీ మధ్య ఉండే ఎత్తు తేడాని హెడ్ అంటాం. హెడ్ ఉంటే నీళ్ళు వాటంతట అవే వస్తాయి. లేకపోతే మంత్రిగారు వచ్చి రిబ్బను కత్తిరించినా రావు. ఈ పనిలో ఉన్న చదువంతా ఇంతే. మిగతాదంతా కాళ్ళ కండ.

పెదబయలు అవతల గుంజిపుట్టు అనే ఊళ్ళో స్కీము పూర్తయింది గానీ చుక్క నీరు రావట్లేదని కబురొచ్చింది. వేసిన ఫిట్టరు జ్వరంతో ఇంటికి పోయాడు. "ఎయిర్ లాక్ అయుంటుంది, వెళ్ళి తీసి రా" అని నన్ను పంపారు. పైపు కొండల మీద ఎక్కి దిగే చోట్ల గాలి చేరి, నీటికి అడ్డంగా కూర్చుంటుంది. అదే ఎయిర్ లాక్. చూస్తే అక్కడ ఏమీ ఉండదు, ఉన్నది ఉత్త గాలి. కానీ ఆ గాలి ఊరంతటినీ ఎండగట్టగలదు.

జీపు దిగి నడిచి వెళ్తుంటే, ఊరికి ముందు పల్లంలో ఒక ముసలావిడ చెలమ దగ్గర కూర్చుని ఆనపబుర్రతో బిందెలోకి నీళ్ళు తోడుతోంది. బుర్ర నిండడానికి చెలమ ఊరాలి. చెలమ ఊరేదాకా ఆవిడ చుట్ట పీల్చుకుంటోంది. ఏజెన్సీ ఆడవాళ్ళు అడ్డపొగ తాగడం నాకు కొత్త కాదు గానీ, నోట్లో చుట్ట నిప్పు ఉండగానే నన్ను పలకరించడం మాత్రం కొత్తే.

"ఏటి బాబూ, నువ్వూ నీళ్ళు ఎక్కించడానికే వచ్చినావా?"

"ఎక్కించడానికి కాదమ్మా, దించడానికి."

"అలగైతే ముందు మా సోంబ్రాని దించు. తరవాత నీళ్ళ సంగతి సూడొచ్చు."

ఆవిడ పేరు చిలకమ్మ. దిగువ వీధి. సోంబ్ర అంటే ఎవరో ఊళ్ళోకి వెళ్ళాక తెలిసింది. సోమవారం పుట్టాడని తల్లిదండ్రులు పెట్టిన పేరు సోంబ్ర. బాప్తిస్మం తీసుకున్నాక తిమోతి. బైబిలు ట్రైనింగు చదివి వచ్చాక తిమోతి అయ్యగారు. మా మిషను సంఘాల్లో పాస్టరుని అయ్యగారనే పిలుస్తాం. చిలకమ్మ ఆయనకు మేనత్త. బాప్తిస్మం తీసుకోలేదు. ఊరు మొత్తంలో ఆయన్ని ఇంకా సోంబ్ర అని పిలిచేది ఆవిడ ఒక్కతే.

గుంజిపుట్టు ఒక వాలు మీద ఉంటుంది. కింద సంఘంలో చేరనివాళ్ళ దిగువ వీధి, పైన చేరినవాళ్ళ ఎగువ వీధి, అన్నిటికంటే పైన ఒక గుట్ట. గుట్ట మీద నీలం సున్నం వేసిన చర్చి, చర్చి చూరుకి మైకు గొట్టం. చర్చి పక్కనే మా సంస్థ కట్టిన ట్యాంకు. సిమెంటు ఒరలు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టింది. దానికి రంగుకాగితాలు అతికించి, 'జీవజలము' అని ఎర్రరంగుతో రాసి ఉంచారు. చిలకమ్మ మాటకి అర్థం అప్పుడు తెలిసింది. ట్యాంకు కట్టాల్సింది దిగువ వీధిలో. సర్వే చేసినప్పుడు అక్కడే మేకు కొట్టారు. అయ్యగారు, సంఘపెద్దలు కలిసి, దేవుని మందిరం దగ్గరే కట్టాలని పట్టుబట్టారు. మేస్త్రీకి కూడా గుట్ట మీద రాతినేల దొరికింది, పునాది తవ్వే పని తప్పింది. కట్టేశాడు.

తిమోతి అయ్యగారు పొడుగాటి మనిషి. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా. నన్ను చూడగానే రెండు చేతులూ పట్టుకున్నారు.

"వందనాలు ఫిట్టరు బాబు. ఈస్టరు తెల్లారికి ఈ కుళాయి తిప్పాల. మైకులో సెప్పీసినాను."

"ఏమని చెప్పారు అయ్యగారూ?"

"దేవుడు నాతో సెప్పినాడని. ఈస్టరు పొద్దుటికి ఆయన మందిరం కాడ నీళ్ళు పారతాయని. దిగువీధోల్లందరూ బిందెలు అట్టుకుని గుట్టెక్కుతారని."

ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు గట్టిగానే ఉంది. కళ్ళు మాత్రం నా చేతిలోని రెంచి మీద ఉన్నాయి.

ఆ రోజంతా లైను వెంట నడిచాను. అయ్యగారు కూడా వచ్చారు. లైనులో ఎత్తుగా ఉన్న ప్రతి మలుపు దగ్గరా ఎయిర్ వాల్వు ఉంటుంది. దాన్ని వదులు చేస్తే లోపలి గాలి పాము బుస కొట్టినట్టు బయటికి పోతుంది. ఒక్కొక్కటే తిప్పుకుంటూ పోతున్నాం. ఊరికే నడవలేక నా అలవాటు ప్రకారం ఆయనకి కబుర్లు చెప్పాను. ఒకచోట కొండచిలువ పైపుకి చుట్టుకుని నిద్రపోతుంటే, దాన్ని లేపకుండా దాని మీదుగానే రెంచి వేసి జాయింటు బిగించాననీ, మెలకువ వచ్చాక అది కదలలేక తోక ఊపి నమస్కారం పెట్టిందనీ చెప్పాను.

"అది నిజమేనా బాబు?" అన్నారు.

"అబద్ధమే అయ్యగారూ."

ఆయన నవ్వలేదు. కొంతదూరం పోయాక అన్నారు. "నువ్వు అబద్ధాలు సెప్తావని అందరికీ తెలుసు. అదే నీ అదురుష్టం."

గాలి అంతా పోయింది. నీళ్ళు రాలేదు. గుట్ట మీదికి ఎక్కేదాకా పైపులో నీటి బరువు తెలుస్తోంది, తడితే నిండు శబ్దం. చర్చి గడప దాటి ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి బోలు శబ్దం. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. కానీ అనుమానం అయ్యగారి ముఖం మీద చెప్పలేం కదా. మర్నాడు పొద్దున్నే ఊట దగ్గరికి పోదాం, మీరూ రండి అన్నాను.

ఊట ఊరికి ఎదురుగా ఉన్న కొండ మీద ఉంది. మధ్యలో లోయ. ఊళ్ళో నుంచి చూస్తే ఆ కొండ ఆకాశంలో ఉన్నట్టుంటుంది. ఊట ఎక్కడో పైన, చర్చి ఎక్కడో కిందన అనిపిస్తుంది. కొండల్లో కన్ను చేసే మోసం అది. ఊట మీద ఉన్న అడవి ఎత్తు కూడా ఊటకే కలిపి చూస్తుంది. ఆ మోసానికి మేస్త్రీ పడ్డాడు, సంఘం పడింది, అయ్యగారూ పడ్డారు.

నా సంచిలో హ్యాండ్ లెవెల్ ఉంది. చిన్న ఇత్తడి గొట్టం. లోపల ఒక అడ్డగీత, ఒక నీటి బుడగ. గొట్టం కంటికి పెట్టుకుని, బుడగ మధ్యకి వచ్చేలా పట్టుకుంటే, ఆ గీత దేని మీద పడితే అది మనం ఉన్నంత ఎత్తులో ఉన్నట్టు. ఇన్‌టేక్ పక్కన నీటిమట్టానికి కన్ను వచ్చేలా వంగి, లోయ మీదుగా చర్చి వైపు చూశాను. చూసి, గొట్టం ఆయన చేతిలో పెట్టాను.

"బుడగ మధ్యలోకి వచ్చాక, గీత దేని మీద పడిందో చెప్పండి."

ఆయన తెల్లచొక్కాతో బురదలో మోకాళ్ళూని వంగారు. చాలాసేపు చూశారు. గొట్టం తీసి, కన్ను తుడుచుకుని, మళ్ళీ చూశారు.

"గుడి గడప మీద పడింది బాబు."

"ట్యాంకు నోరో?"

"అది ఇంకా పైనుంది."

"అంతే అయ్యగారూ. హెడ్ లేదు. నీరు తన ఎత్తు దాటి పైకి పోదు."

"మరి గడప దాకా వత్తాది కదా?"

"వచ్చి నిలబడుతుంది. పారదు."

ఆయన లేచి నిలబడ్డారు. నాకు జాలేసింది. జాలేస్తే నా నోరు ఊరుకోదు. "మీరు ప్రార్థన చేయండి, నేను పైపు బిగిస్తాను. కాకపోతే ఈ పైపుకి ఇంకా బాప్తిస్మం కాలేదు, వింటుందో వినదో" అన్నాను.

ఈసారి నవ్వారు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. చెప్పులు విప్పి, ఇన్‌టేక్ పక్కన ఉన్న బల్లపరుపు రాయి మీద కూర్చున్నారు. ఆ రాయి మధ్యలో, ఎవరో ఏళ్ళ తరబడి కూర్చున్నట్టు నున్నగా ఉంది.

"ఈ రాయి నాదే బాబు" అన్నారు. "సిన్నపుడు ఇక్కడే మేకలు కాసీవోన్ని. ఒక పాలి మిషనోల్ల ఆడమనిషి ఒకావిడ మా ఊరొచ్చింది. బొమ్మలు సూపించి, యేసయ్యతో మాటాడితే ఇంటాడని సెప్పింది. ఎలాగ మాటాడాలో సెప్పడం మరిసిపోయి ఎలిపోయింది. నాకు వచ్చినట్టు మాటాడీసినాను. మేక తప్పిపోతే అడిగీవోన్ని. దొరికితే సెప్పీవోన్ని. దొరక్కపోతే తిట్టీవోన్ని కూడా."

"తిడితే?"

"ఊరుకునీవోడు. ఉన్నాడని తెలిసీది. అంతే. పక్కన మనిషి ఉంటే తెలీదేటి? అలగ."

ఊట నీరు తొట్టి అంచు మీంచి పొర్లి పోతోంది. ఆయన ఆ నీటి వైపే చూస్తూ చెప్పారు. "ట్రైనింగులో సరిగ్గా పార్దన సెయ్యడం నేర్పినారు. ముందు స్తుతి, తరవాత ఒప్పుకోలు, తరవాత విన్నపం. నాను బాగా సేత్తానని పెద్ద మీటింగులకి పిలిసీవోరు. మైకిచ్చినారు. సంఘం పెరిగింది. మందిరం కట్టినాం. ఎప్పుడు పోనాడో తెలీదు బాబు. ఒక దినం ఎనక్కి తిరిగి సూసుకుంటే పక్కన ఆయన లేడు."

నోటిదాకా వచ్చిన కబురు మింగేశాను. నా జీవితంలో అరుదైన సంగతి అది.

"ఈ ట్యాంకు సంగతి ఆయన నాతో సెప్పినాడని మైకులో అన్నాను కదా. సెప్పనేదు. నాను అడగనే నేదు. నీళ్ళ కోసమైనా దిగువీధోల్లు గుడికి ఎక్కుతారని నాకే అనిపించింది. మా అత్త ఎక్కుతాదని. ఆమె బిందెట్టుకుని నా గుమ్మం కాడ నిలబడితే సూడాలని. ఆయన పేరెట్టి నా మాట సెప్పీసినాను. నువ్వు సెప్పీ అబద్ధాలు అందరికీ తెలుసు. నాది ఎవులికీ తెలీదు. ఆయనకి తప్ప."

అక్కడితో తెలుగు ఆపేశారు. రాయి మీంచి కిందికి జారి, ఊట వైపు తిరిగి కూర్చుని, ఇంటి భాషలోకి దిగారు. వాళ్ళ ఇంట్లో మాట్లాడుకునేది కువి. మైకులో ఆయన ఎప్పుడూ తెలుగే, అదీ గ్రంథాల తెలుగు. ఇది వేరుగా ఉంది. పొయ్యి దగ్గర కూర్చుని ఇంట్లోవాళ్ళతో మాట్లాడినట్టుంది. ఇన్నేళ్ళు ఈ కొండల్లో తిరిగినవాడికి ఆ మాట అర్థం కాకుండా ఉంటుందా?

"నానే. సోంబ్రాని" అన్నారు.

ఆగారు.

"ఉన్నావా?"

మళ్ళీ ఆగారు. ఊరికే ఆగడం కాదు. ఎదుటి మనిషి వంతు వచ్చిందని మనం మాట ఆపి ఎలా చూస్తామో, అలా.

"సానా దినాలైపోనాది. నీ గురించి మాటాడీ మాటాడీ, నీతో మాటాడ్డం మరిసిపోనాను. నువ్వు ఎల్లిపోనావని అనుకున్నాను. నువ్వెక్కడికి ఎల్తావు? నువ్వు ఈ రాయి కాడే ఉన్నావు. నానే గుట్టెక్కి కూకున్నాను."

ఆగారు.

"నవ్వుతన్నావా? నవ్వు. నవ్వినా పరవానేదు. నీళ్ళకి తెలిసిన పాటి నాకు తెలీనేదు, కాదా? కిందకి పోవాలని. ఈస్టరు పొద్దున్న అందరి ముందరా నా పరువు పోతాది. పోనీ. అదొక్కటే కదా నీకూ నాకూ మద్దిన అడ్డం కూకున్నాది. ఒట్టి గాలి."

చాలాసేపు ఆగారు. ఊట నీరు పొర్లుతున్న చప్పుడు తప్ప మరేమీ లేదు.

"నాకు ట్యాంకొద్దు. మైకొద్దు. మేక తప్పిపోయినపుడు ఎలగ ఇనీవోడివో, అలగ ఒక్కపాలి ఇను. తప్పిపోయింది నానే."

నేను అక్కడే, రెంచి చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాను. ఎటు చూడాలో తెలియలేదు. ఇద్దరు సొంతమనుషులు మాట్లాడుకుంటుంటే మధ్యలో ఇరుక్కున్న పరాయివాడి పరిస్థితి నాది.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. నేను విజయనగరం దగ్గర మిషను కాంపౌండులో పెరిగినవాణ్ణి. సండే స్కూల్లో వాక్యాలన్నీ కంఠతా చెప్పి బహుమతులు కొట్టేసినవాణ్ణి. సాక్ష్యం చెప్పమంటే నేను లేచేవరకూ జనం ఇంటికి పోయేవాళ్ళు కారు. దేవుడు నన్ను ఎన్ని లోయల్లోంచి, ఎన్ని ఎలుగుబంట్ల నోళ్ళలోంచి కాపాడాడో చెబుతుంటే, ఆయనే ఆశ్చర్యపోయి ఉంటాడు. ప్రార్థన చేయమన్నా అంతే. మొదలుపెడితే ఆగేది లేదు. ఆగితే ఎవరైనా ఆమెన్ అనేసి నా వంతు లాగేసుకుంటారని భయం. అవతలివాడి వంతు ఒకటి ఉంటుందని నాకు ఆ ఊట దగ్గర నిలబడేదాకా తట్టలేదు. మా అమ్మకు తెలిసే ఉంటుంది. ఆవిడ పొయ్యి ఊదుతూ మధ్యలో గొట్టం పక్కన పెట్టి, ఊఁ అనేది. ఎవరితోనే అంటే నవ్వి మళ్ళీ ఊదేది. నేను పొగకి అనుకునేవాణ్ణి.

దిగి వస్తుంటే ఆగలేక అడిగాను. "ఏమన్నాడు అయ్యగారూ?"

"ఏటీ అనలేదు."

"మరి?"

"ఇన్నాడు."

ఇంకొంచెం దిగాక ఆయనే అడిగారు. "దిగువీధిలో ఎడితే బేగి వత్తాదా నీరు?"

"ఎందుకు రాదు? పరిగెత్తుకుని వస్తుంది."

ఆ ఆదివారం ఆరాధనలో అయ్యగారే మైకు వైరు పీకేశారు. సంఘం అంతా కరెంటు పోయిందనుకుంది. అయ్యగారు బల్ల ముందుకి వచ్చి, దేవుడు తనతో ఏమీ చెప్పలేదని, తానే అడగకుండా ఆయన పేరు పెట్టి చెప్పానని, క్షమించమని అడిగారు. మైకు లేకపోవడంతో వెనక బెంచీలవాళ్ళు వినపడక ముందుకి జరిగి కూర్చున్నారు. జరిగినకొద్దీ ఆ మాట మళ్ళీ మొదటినుంచి చెప్పాల్సి వచ్చింది. మనిషి ఒక్కసారి సిగ్గుపడటమే కష్టం. ఆయన ఎగువ వీధి అంతటి ముందూ వరుసగా సిగ్గుపడ్డారు.

ఒక సంఘపెద్ద లేచాడు. "ఏటయ్యగారూ ఇది? దేవుడి గుడి కాడి ట్యాంకు పీకి ఆల్ల వీధిలో ఎడతామా? ఆల్లు మనల్ని నవ్వరా?"

"నవ్వుతారు."

"మరి మనమో?"

"మనమూ నవ్వుదాం మావా. నవ్వీ పనే సేసినాం కదా."

ఒరల జాయింట్లు సుత్తీ ఉలితో విడగొట్టి, తాళ్ళు కట్టి, ఒక్కొక్కటీ వాలు మీదుగా దింపాం. సంఘంలో మగాళ్ళందరూ తాడు పట్టారు. మొదట సణిగినవాళ్ళు కూడా, తాడు అరచేతుల్లో కోస్తుంటే సణగడం మానేశారు. ఆఖరి ఒరకు తాడు తెగింది. అది గుట్ట మీంచి దొర్లి, ఎగువ వీధి దాటి, కోళ్ళని చెదరగొట్టి, చిలకమ్మ అల్లం మడి కంచె విరగ్గొట్టుకుని, సరిగ్గా ఆవిడ అరుగు ముందు వెల్లకిలా పడింది. 'జీవజలము'లో సగం అక్షరాలు ఆకాశం వైపు ఉన్నాయి.

చిలకమ్మ నోట్లో చుట్ట తీసి చూసింది. "నీళ్ళు ముందొత్తాయని ఇన్నాను గానీ, తొట్టి ముందొచ్చీడమేటి?"

అయ్యగారు ఉరుకుతూ వచ్చి, రొప్పుతూ ఆవిడ ముందు నిలబడ్డారు. చొక్కా నిండా సిమెంటు పొడి. "అత్తా, ట్యాంకు ఇక్కడ ఎడదామని."

"ఇక్కడా?"

"ఇక్కడే. నువ్వు ఎక్కక్కర్లేదు."

ఆవిడ ఆయన్ని కాళ్ళనుంచి తలదాకా చూసింది. "కంచె ముందు కట్టు. నా అల్లం మేకలు తినీస్తాయి" అంది.

కంచె ఆయనే కట్టారు. ఒరలు మళ్ళీ పేర్చి, సందుల్లో సిమెంటు కూరి, పైపు మలుపు కోసి దిగువ వీధికి తిప్పాను. ఈస్టరు ముందురోజు మధ్యాహ్నం వాల్వు తెరిచాం. గ్రావిటీ లైనులో నీళ్ళు నేరుగా రావు. ముందు పైపు దగ్గుతుంది. తరవాత ఉమ్ముతుంది. ఎర్రమట్టి కక్కుతుంది. అప్పుడు కొంతసేపు ఏమీ ఉండదు. ఆ ఏమీ లేని సమయంలోనే ఫిట్టరు ప్రాణం పోయి వస్తుంది. తరవాత, ఎవరో దూరంనుంచి గబగబా నడిచి వస్తున్నట్టు లోపల చప్పుడు. ఒక్క ఊపున తెల్లటి నీరు.

దిగువ వీధి, ఎగువ వీధి అని లేకుండా ఆడవాళ్ళందరూ ఒక్కసారి కేక వేశారు. చిలకమ్మ మాత్రం కేక వెయ్యలేదు. నీటి కింద అరచెయ్యి పెట్టి, అది నిండి పొర్లిపోతుంటే చూస్తూ నిలబడింది. ఎంతసేపైనా ఆ చెయ్యి తియ్యదేమో అనిపించింది.

మర్నాడు ఈస్టరు. తెల్లవారేసరికి గుట్ట మీద పండుగ వంటకు నీళ్ళు కావాలి. ఎప్పుడూ అలా నీళ్ళు మోసేది ఎగువ వీధి ఆడవాళ్ళు. ఆ కొండల్లో మగవాడు మోస్తే కావడి మోస్తాడు, భుజం మీద. నెత్తిన బిందె పెట్టుకోడు. పెట్టుకుంటే ఊరు నవ్వుతుంది. తిమోతి అయ్యగారు ట్యాంకు దగ్గరికి వచ్చి, చిలకమ్మ బిందె అడిగి తీసుకుని, నింపి, నెత్తికెత్తుకున్నారు. మొదటి అడుగుకే సగం నీళ్ళు చొక్కా మీద ఒలికాయి. ఊరంతా విరగబడి నవ్వింది. నేను అందరికంటే గట్టిగా నవ్వాను.

చిలకమ్మ ఆయన్ని ఆపింది. తన భుజం మీది గుడ్డ తీసి, చుట్టకుదురు చుట్టి, ఆయన నెత్తి మీద పెట్టి, బిందె మళ్ళీ నింపి దాని మీద కూర్చోబెట్టింది.

"మెడ తిన్నగా ఎట్టు. కిందకి సూడకు. పైకీ సూడకు. బిందె ఉన్నాదని మరిసిపో."

ఆయన ఎక్కడం మొదలెట్టారు. ఆవిడ వెనకాలే ఎక్కింది. చర్చి గడప దాకా వచ్చి ఆగింది. ఒక సంఘపెద్ద ఎంతో సంతోషంగా ఎదురెళ్ళి, "లోపలికి రా అమ్మా" అన్నాడు.

"మొక్కడానికి రానేదు. ఆ బిందె నాది" అంది చిలకమ్మ.

బిందె ఖాళీ అయ్యేదాకా అని గడప మీద కూర్చుంది. లోపల పాటలు పాడారు, ప్రార్థన చేశారు. ఆ రోజు అయ్యగారి ప్రార్థన చిన్నది. మధ్యలో ఆగారు. సంఘం ఆమెన్ అనాలా వద్దా అని తటపటాయించింది. బిందె అప్పటికి ఎప్పుడో ఖాళీ అయింది. చిలకమ్మ మాత్రం లేవలేదు. హ్యాండ్ లెవెల్ గీత పడ్డ గడప అదే. ఆవిడ తరవాత లోపలికి వెళ్ళిందా, బాప్తిస్మం తీసుకుందా అని నన్ను చాలామంది అడిగారు. నేను చూసినంతవరకు వెళ్ళలేదు. అంతకుమించి నాకు తెలియదు.

ఈ కేసు నా పనిలో ఒకటి నేర్పింది. నీళ్ళు రాకపోతే ముందు పైపు విప్పకూడదు. ముందు మట్టం చూడాలి. ఎవరు ఎంత ఎత్తులో కూర్చున్నారో చూస్తే సగం సమస్య అక్కడే తేలిపోతుంది. నా కింద పనిచేసిన వాళ్ళందరికీ అదే చెప్పాను.

రెండోది ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాను. కొన్నేళ్ళకు అయ్యగారిని వేరే సంఘానికి మార్చారు. రెండువేల సంవత్సరం దాటాక ఇన్‌టేక్ బాగుచేయడానికి ఒకసారి గుంజిపుట్టు వెళ్ళాను. పని అయ్యాక ఆ రాయి మీద కూర్చున్నాను. చుట్టూ ఎవరూ లేరు, నా కబుర్లకు నవ్వేవాళ్ళూ లేరు. నా పేరు చెప్పాను. చెప్పి ఆగాను. ఆగడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. నా నోట్లో కొండచిలువలూ, చేపలూ, గడ్డకట్టిన కుళాయిలూ బయటికి రావడానికి తోసుకుంటున్నాయి. నోరు మూసుకుని కూర్చున్నాను. ఊట పొర్లుతోంది. ఆయన విన్నాడో లేదో నాకు తెలియలేదు. కానీ ఇప్పటికీ ఏ ఊళ్ళో ఇన్‌టేక్ పని పడినా, సామాను సర్దడం కొంచెం ఆలస్యం చేసుకుని, కాసేపు కూర్చుని వస్తాను.

ఇక ఒట్టు సంగతి. మా అమ్మ బైబిలు మీద వేశాను కాబట్టి తీర్చుకోవాలి. దొర్లిన ఒర నిజం. అల్లం మడి నిజం. గడప మీద కూర్చున్న చిలకమ్మ నిజం. ఊట దగ్గర ఆయన నాతో తెలుగులో అన్న ప్రతి మాటా నిజం. కానీ తరవాత ఆయన కువిలో మాట్లాడారు. నాకు కువి రాదు. అర్థం కాకుండా ఉంటుందా అని మిమ్మల్ని అడిగాను, అంతే. అర్థమైందని చెప్పలేదు. ఆ మాటల్లో నాకు తెలిసింది ఒక్కటే, సోంబ్ర. మిగతా ప్రార్థనంతా నేను అల్లింది. ఆయన ఏమన్నారో నాకు ఎప్పటికీ తెలియదు. అవి నేను అనాలనుకుని, ఇన్నేళ్ళుగా అనలేకపోయిన మాటలు.

మధ్యమధ్య ఆయన ఆగారని రాశానే, అవి మాత్రం అల్లినవి కావు. మాటలు ఎన్నైనా అల్లగలను. అలా ఆగడం అల్లడం నాకు చేతకాదు.